లూయిస్ గుండెలో తేడా

ఇంగ్లీషు అర్థం కాకపోయినా తల ఊపడం నాకు పాతికేళ్ల అలవాటు. తెలుగు మేస్టారికి ఇంగ్లీషు రాదని అందరూ ముందే తీర్మానించుకుని ఉంటారు కాబట్టి, వచ్చినట్టు కనిపించాలన్న తాపత్రయం నాలాంటివాడికి కాస్త ఎక్కువ. ఒకసారి పుదుచ్చేరి నుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన మా యానాం స్కూల్లో నా పక్క కుర్చీలో కూర్చుని గడగడా ఏదో అడిగాడు. నేను హుందాగా తల ఊపాను. ఎన్నికలొచ్చేసరికి నాకు ఎక్కడో కేరళ పక్కనున్న మాహేలో డ్యూటీ పడింది. ఆయన అడిగింది అదేనట, అంత దూరం వెళ్లడానికి అభ్యంతరం లేదు కదా అని. రైళ్లు మారి మారి వెళ్లి, వారం రోజులు కొబ్బరినూనె కూరలు తిని వచ్చాను. ఇప్పటికీ ఇంట్లో నేను దేనికైనా తల ఊపితే మా ఆవిడ, "మాహేకా?" అని అడుగుతుంది.

ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పి నవ్విస్తూ ఉంటాను. కానీ గత మే నెలలో ఊపిన తల సంగతి ఎవరికీ చెప్పి నవ్వించలేదు. ఈసారి ఆ ఊపుడుకి నష్టపోయింది నేను కాదు, లూయిస్.

లూయిస్ పడవ ఇంజన్ల మెకానిక్. గోదావరి గట్టు దిగితే ఎడమ పక్కన రేకుల షెడ్డు అతనిదే. వాళ్ల నాన్న వేటకు వెళ్లేవాడు. లూయిస్ కూడా వెళ్లేవాడే, కానీ పదమూడో ఏట సముద్రంలో వాళ్ల పడవ ఇంజన్ ఆగిపోయి రెండు పగళ్లూ రెండు రాత్రులూ కొట్టుకుపోయారు. మంచినీళ్లు అయిపోయాక ఇంకో పడవ కనిపించింది. గట్టు మీద కాలు పెట్టగానే, "నేనింక వేటకి రాను, ఆగిపోయిన ఇంజన్లు నడిపిస్తాను" అన్నాడట. కాకినాడ వెళ్లి ఒక వర్క్‌షాపులో చేరాడు. పదేళ్ల తరవాత తిరిగొచ్చి ఈ షెడ్డు వేసుకున్నాడు. ముప్పై ఏళ్లలో అతను చెయ్యి పెట్టిన ఇంజన్ నడిసముద్రంలో ఆగిందని ఎవరూ అనగా నేను వినలేదు.

అతని పని చూడ్డానికి ముచ్చటగా ఉండేది. నడుస్తున్న ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. చుట్టూ ఎవరు మాట్లాడినా చేత్తో ఆపమనేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి రెండే మాటల్లో ఒకటి చెప్పేవాడు. "తేడా ఉంది" అంటే ఇంజన్ విప్పాలి. "తేడా లేదు" అంటే పడవ నీళ్లలోకి దించుకోవచ్చు. ఆ మాట మీద నమ్మకంతో ఎంతమంది సముద్రంలోకి వెళ్లి వచ్చారో లెక్కలేదు.

మనిషికి మాత్రం పద్నాలుగేళ్లుగా షుగరు. అరికాళ్లకు స్పర్శ పోయింది. ఒకసారి వేడి సైలెన్సరు మీద కాలు ఆనించి అలాగే నిలబడి కబుర్లు చెబుతుంటే, కాలిన వాసనకి ఎదురుగా ఉన్నవాడు కనిపెట్టాడు. అది కూడా గొప్పే అతనికి. "మనకి నొప్పీ గిప్పీ ఉండదండి బాబూ" అని కట్టు చూపించుకు తిరిగాడు. ఆ మధ్య గట్టు ఎక్కుతూ రెండుసార్లు ఆగి ఆయాసపడటం వాళ్లావిడ స్టెల్లా చూసింది. ఊళ్లో గవర్నమెంటు డాక్టరు దగ్గరికి తీసుకెళితే, కాకినాడ వెళ్లి గుండె చూపించుకోమని రాసిచ్చాడు. లూయిస్ ఆ కాగితాన్ని వారం వారం వాయిదా వేశాడు. స్టెల్లా చర్చి పక్క బళ్లో ఆయా. మొండి పిల్లల చేత అన్నం తినిపించగల మనిషి. మొత్తానికి ఒక సోమవారం ఖాయం చేసింది. సెలవు పెట్టుకుంది కూడా.

ఆ సోమవారానికి ముందు ఆదివారం మా స్కూల్లో గుండె పరీక్షల క్యాంపు పెట్టారు. బయటి ఊరి మెడికల్ కాలేజీ వాళ్లు వచ్చారు. వేసవి సెలవుల్లో ఊళ్లో దొరికిన మేస్టార్లం నలుగురం సాయానికి వెళ్లాం. క్యాంపు చూసుకునేది కీర్తి అని పాతికేళ్ల డాక్టరమ్మ, హైదరాబాదులో పెరిగిన పిల్ల. పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి పది నిమిషాలు ఇంగ్లీషులో వివరించింది. నాకు గుండె అన్న మాటా, ఐదు నిమిషాలు అన్న మాటా అందాయి. తక్కినదంతా గాలికి పోయింది. "క్లియరేనా సార్?" అంది. నేను అందరికంటే ముందు తల ఊపాను.

అందుకే కాబోలు చివరి టేబుల్ నాకిచ్చింది. మణికట్లకు తీగలు పెట్టి, మనిషిని ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెడతారు. కంప్యూటర్ ఇంగ్లీషులో ఒక కాగితం ఇస్తుంది. దాంట్లో ముఖ్యమైన ముక్కని నేను తెలుగులో చీటీ మీద రాసివ్వాలి.

"ఈ వేరియబిలిటీకి తెలుగులో ఏం రాద్దాం సార్? మామూలు వాళ్లకి అర్థమవ్వాలి" అని అడిగింది కీర్తి.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వైవిధ్యం అన్నాను, బరువుగా ఉందన్నాను నేనే. చరత్వం అన్నాను, అది నాకే నచ్చలేదు. ఆఖరికి, "తేడా అని రాద్దామమ్మా. గుండె కొట్టుకోవడంలో తేడా. పామరుడికి కూడా అర్థమవుతుంది" అన్నాను.

"సూపర్ సార్" అంది.

అర్థమయింది నిజమే, పామరులకీ నాకూ ఒక్కలాగే. యానాంలో ఎవరికైనా గుండెలో తేడా ఉందంటే అర్థం ఒక్కటే. తేడా లేదంటే అర్థం ఒక్కటే. ఆ పిల్ల చెప్పింది సరిగ్గా దానికి తలకిందులు. ఆ సంగతి ఆ రోజు నాకు తెలీదు.

లూయిస్ పదకొండు గంటలకి వచ్చాడు. స్టెల్లా వెనకే ఉంది.

"ఏంటండమ్మా, బ్యాటరీ వీకా మాది?" అన్నాడు తీగలు పెడుతున్న కీర్తితో.

"మాట్లాడకూడదంకుల్."

"ఐదు నిమిషాలే. పెళ్లయ్యాక ఇంతసేపు నోరు మూసుకోవటం ఇదే ఫస్టు" అంది స్టెల్లా.

కాగితం నా దగ్గరికి వచ్చింది. దాని మీద ఇంగ్లీషులో 'లో' అని, అంటే తక్కువ అని ఉంది. నేను చీటీ మీద గుండ్రంగా రాశాను. గుండె కొట్టుకోవడంలో తేడా, చాలా తక్కువ. కింద అందరికీ ఒకే వాక్యం ముందే అచ్చు వేయించి ఉంది, అవసరమైనవారు గురువారం కాకినాడ ఆసుపత్రికి రావలెను అని.

"నీకేం తేడా లేదయ్యా లూయిస్. ఇంజన్ కండిషన్‌లో ఉంది" అన్నాను.

లూయిస్ చీటీ అందుకుని చదువుకున్నాడు. స్టెల్లా నా టేబుల్ మీదికి వంగింది.

"మరి రేపు కాకినాడ ఎల్లాలా మేస్టారూ? డాక్టరుగారు రాసిచ్చిన కాయితం ఉంది కదా."

"అది అవసరమైనవాళ్లకమ్మా."

"ఎల్లకపోయినా పర్లేదంటారా?"

నేను తల ఊపాను.

ఆ సోమవారం వాళ్లు వెళ్లలేదు. లూయిస్ ఆ చీటీని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి షెడ్డులో మేరీమాత పటం పక్కన మేకుకి తగిలించాడు. ఇంజన్ తెచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "ముప్పై ఏళ్లు మనం ఇంజన్లకి చెప్పేం, తేడా లేదని. ఇన్నాళ్లకి మనకి ఒకరు చెప్పేరు" అనేవాడు. మా పక్కింట్లో ఉండే రిటైరైన ఉద్యోగి వీరభద్రరావు గారికి మాత్రం తేడా ఎక్కువ అని వచ్చింది. ఆయన ఇంటికెళ్లి మంచమెక్కారు. మూడు రోజులు బార్లీ నీళ్లతో గడిపి, గురువారం కారు మాట్లాడుకుని కాకినాడ వెళ్లారు. ఆయన వెళుతుంటే నేనే గుమ్మంలో నిలబడి, "ధైర్యంగా ఉండండి" అన్నాను.

జూన్ మూడో తారీఖున కీర్తి ఫోన్ చేసింది.

"సార్, మీ ఊరివాళ్లు రివర్స్‌లో వస్తున్నారేంటి? 'లో' వచ్చినవాళ్లు ఇరవై ముగ్గురు. మెసేజ్‌లు కూడా పెట్టాను, ఒక్కరూ రాలేదు. బాగున్నవాళ్లు మాత్రం పదకొండు మంది వచ్చి, గుండెకి ఎకో స్కాన్ తియ్యమని కూర్చున్నారు. ఒక పెద్దాయన నా ముందు ఏడ్చారు సార్."

ఆ పెద్దాయన ఎవరో నాకు తెలుసు. మిగతాది తెలీదు కాబట్టి, సిగ్గు విడిచి, "అమ్మా, తెలుగులో చెప్పు" అన్నాను. ఆ మాట మే నెలలో అని ఉంటే సరిపోయేది.

చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదట. ఊపిరి పీల్చినప్పుడు కాస్త తొందరగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య వ్యవధి వెంట్రుక వాసి మారుతూనే ఉండాలి. ఒంటి అవసరం కనిపెట్టి గుండెకి చెప్పే నరాలు పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తు. షుగరు ముదిరితే ఆ నరాలు చచ్చుబడతాయి. అప్పుడు గుండె ఎంత పనిలోనైనా, ఎంత విశ్రాంతిలోనైనా దాదాపు ఒకేలా కొట్టుకుంటూ పోతుంది.

"నొప్పి తెలియజేసే నరాలు కూడా అలాగే పోతాయి సార్. అలాంటివాళ్లకి గుండెపోటు వచ్చినా నొప్పి రాకపోవచ్చు. ఈ టెస్టు జబ్బుందని చెప్పదు. ఎవర్ని ముందు చూడాలో చెప్తుంది, అంతే. పేర్ల జాబితా పంపుతాను, వాళ్లకి మీరు చెప్పగలరా? మీ ఊరివాళ్లు కదా."

ఫోనులో కనిపించదని తెలిసి కూడా తల ఊపాను. తరవాత, "చెబుతానమ్మా" అన్నాను.

ఆ రోజే వెళ్లి ఉండవలసింది. షెడ్డు మా ఇంటికి పది నిమిషాల నడక. మూడున వెళ్లలేదు, ఎండగా ఉందనుకున్నాను. నాలుగున వెళ్లాను, షెడ్డులో జనం ఉన్నారు. వాళ్ల ముందు, నేను రాసింది తప్పని చెప్పడానికి నోరు రాలేదు. పాతికేళ్లుగా ఊరందరి అర్జీలూ శుభలేఖలూ దిద్దిపెట్టిన చెయ్యి నాది. దుకాణం బోర్డులో దీర్ఘం తప్పితే నిచ్చెన తెప్పించి దిద్దించినవాణ్ణి. అలాంటివాడు ఒక్క మాట తప్పు రాశాడంటే కాఫీ హోటల్లో ఎన్నాళ్లు నవ్వుకుంటారో లెక్కేసుకున్నాను. ఆ జాబితాలోవాళ్లు ఆరుగురు దారిలో ఎదురుపడితే మాత్రం, "ఒకసారి కాకినాడలో గుండె చూపించుకోరాదూ, మంచిది కదా" అని పక్కనుంచి చెప్పి చూశాను. తేడా లేనివాళ్లు ఎందుకు వెళతారు. నన్ను చూసి నవ్వి వెళ్లిపోయారు.

పదో తారీఖున ఇక ఉండబట్టలేక మధ్యాహ్నం భోజనాలవేళ వెళ్లాను. వేట నిషేధం పద్నాలుగుతో అయిపోతుంది. రెండు నెలలు గట్టెక్కి కూర్చున్న పడవలన్నీ పదిహేను తెల్లారేసరికి సముద్రంలో ఉండాలి. ఏడాది మొత్తం మీద లూయిస్‌కి ఊపిరాడని రోజులు అవే. షెడ్డులో ఆరు ఇంజన్లు విప్పి ఉన్నాయి. మనిషి ముఖం మట్టి రంగులో ఉంది.

"తినలేదా?"

"ఎందుకో సయించట్లేదండి. రండి, కూకోండి."

కూర్చుని, తల దించుకుని, మొత్తం చెప్పాను. లూయిస్ చేతిలో స్పానర్ పెట్టుకుని విన్నాడు.

"ఒకేలా కొట్టుకుంటే మంచిది కాదా మేస్టారూ? ఇంజన్‌కి అదే కదండీ కండిషను."

"ఇంజన్‌కి వేరు లూయిస్. లోడుని బట్టి గుండె మారాలిట."

అతను స్పానర్ పక్కన పెట్టాడు. అప్పుడు అతని ముఖంలో నేను ఎప్పుడూ చూడని ఒక నిదానం వచ్చింది.

"అంటే గవర్నర్ పట్టేసింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఈసారి తల ఊపలేదు, అడిగాను. చెప్పాడు. ఇంజన్ మీద బరువు పెరిగితే ఆయిల్ పెంచి, తగ్గితే తగ్గించే భాగాన్ని గవర్నర్ అంటారట. అది బిగుసుకుపోతే ఒడ్డున ఇంజన్ చక్కగానే మోగుతుంది. అలల్లోకి వెళ్లాక, వల లాగేటప్పుడు, తట్టుకోలేక ఆగిపోతుంది.

"మా నాన్న పడవకి అయిందదేనండి" అన్నాడు.

"రేపే వెళదాం. నేను వస్తాను."

"రేపంటే ఎలాగండి బాబూ? ఈ ఆరూ ఎవడు బిగిస్తాడు? పద్నాలుక్కి పడవలు దిగిపోతాయి. పదహారున ఎల్దాం."

"ఇంకెవరికైనా అప్పజెప్పు."

"నేను విప్పింది ఇంకోడు బిగిస్తే, అది నడిమధ్యలో ఆగితే, లోపలున్నోళ్లకి మీరు చెప్తారా సమాధానం?" కోపం లేదు ఆ మాటలో. "మే నెలలో అయితే కాళీయేనండి. షెడ్డులో ఈగలు తోలుకున్నాను."

అతనే మళ్లీ అన్నాడు.

"స్టెల్లాకి చెప్పకండి మేస్టారూ. చెప్పేరంటే నన్ను ఇయ్యాలే బస్సెక్కించేస్తది. ఆరు రోజులు, అంతే."

"చెప్పకుండా ఎలా?"

"మీరు రాసింది తప్పని నేనెవరికీ చెప్పన్లెండి. మీరూ చెప్పకండి."

అది బేరమని అతను అనుకోలేదు. నా పరువు కాపాడుతున్నాననే అనుకున్నాడు. నేను మాత్రం దాన్ని బేరంలాగే పుచ్చుకున్నాను. తల ఊపి, గట్టెక్కి ఇంటికి వచ్చేశాను.

పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం మూడు గంటలకు ఆఖరి ఇంజన్ పడవలో బిగించాడు. ఆ పడవ వెంకటరమణ అనే అతనిది. తరవాత సంగతులు అతనే నాకు చెప్పాడు. లూయిస్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విని, తేడా లేదు దించుకోండి అన్నాడట. గట్టెక్కబోయి, సగంలో గోనెసంచి మీద కూర్చున్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. వడదెబ్బనుకుని పడవవాళ్లు నెత్తిన నీళ్లు పోశారు. నొప్పేమైనా ఉందా అని వెంకటరమణ రెండుసార్లు అడిగాడు. లేదన్నాడు. "నీరసంగా ఉంది, సోడా పట్రండి" అన్నాడు. సోడా వచ్చేసరికి పక్కకి ఒరిగిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు చూసి, దారిలోనే పోయాడన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఆరు పడవలూ వెళ్లాయి. పోనివ్వమని స్టెల్లాయే కబురు పంపింది. ఏ ఇంజనూ మధ్యలో ఆగలేదు.

సమాధి నాడు నేను జనంలో వెనక నిలబడ్డాను. పది రోజుల తరవాత వాళ్లింటికి వెళ్లాను. పరామర్శించి వచ్చేద్దామనే వెళ్లాను, అబద్ధమెందుకు. స్టెల్లా టీ ఇచ్చింది. ఎదురుగా కింద కూర్చుంది.

"తప్పు నాదేనండి. ఆ సోమవారం చెయ్యట్టుకు లాక్కెల్లాల్సింది. పాపం మీరు పరీక్ష చేయించి రాసి కూడా ఇచ్చేరు. మిషనుకే తెలీలేదు, నాకేం తెలుస్తాది."

ఆవిడ తనను తాను తిట్టుకుంటూ ఇంకా ఎన్నేళ్లు బతకాలో ఆ క్షణాన కళ్లకు కట్టింది. గ్లాసు కింద పెట్టాను.

"మిషనుకి తెలిసిందమ్మా" అన్నాను.

మొత్తం చెప్పాను. స్టెల్లా మధ్యలో ఒక్కసారి కూడా నన్ను ఆపలేదు. ఏడవలేదు. అయిపోయాక అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"జూన్ మూడున."

"ఆయనకెప్పుడు చెప్పేరు?"

"పదిన."

"నాకు?"

"ఇప్పుడు."

ఆవిడ నా గ్లాసు తీసి పక్కకి పెట్టింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఇరవై ముగ్గురన్నారు. తక్కిన ఇరవై రెండు మంది?"

"ఆరుగురికి చెప్పాను."

"ఏం చెప్పేరు? నాకు చెప్పినట్టే చెప్పేరా?"

"లేదమ్మా."

"ఆళ్ల పేర్లున్నాయా మీ దగ్గర?"

చొక్కా జేబులోంచి కాగితం తీశాను. కీర్తి పంపిన జాబితా. మూడు వారాలుగా జేబు మారుస్తూ మోస్తున్నాను. స్టెల్లా అది తీసుకుని పైనుంచి కిందికి చదివింది. లూయిస్ పేరు దగ్గర వేలు ఆగి, ముందుకు వెళ్లింది. లేచి చెప్పులేసుకుంది.

"లేవండి."

జాబితాలో మొదటి ఇల్లు మెట్టకూరులో నాగలక్ష్మిది. టిఫిన్ బండి నడుపుతుంది, యాభై ఏళ్లుంటాయి, పదేళ్లుగా షుగరు. వాకిట్లో పిండి రుబ్బుకుంటోంది. స్టెల్లాని చూసి గ్రైండర్ ఆపేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వెందుకు వచ్చేవమ్మా ఇప్పుడు, ఇల్లు కదిలి. కూర్చో."

"కూర్చోనొదినా. మేస్టారు నీ చీటీలో ఒక మాట తప్పు రాసేరు. ఆయనే చెప్తారు, విను."

ఇద్దరూ నావైపు తిరిగారు. చెప్పాను. ఏ మాట తప్పో, దాని అసలు అర్థం ఏమిటో, అది ఎవరి మీదికి వచ్చిందో చెప్పాను. పక్కింటివాళ్లు కూడా గోడ దగ్గరికి వచ్చి విన్నారు. నాగలక్ష్మి మధ్యలో కింద కూలబడింది.

"నాకేం నొప్పి లేదే" అంది, చెయ్యి గుండె మీద వేసుకుని.

"ఆయనకీ లేదు" అంది స్టెల్లా. "పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి ఎల్దాం. నేనూ వస్తాను."

అక్కణ్ణుంచి అగ్రహారం వెళ్లాం. స్టెల్లా ముందు నడుస్తోంది. ఇంకా ఇరవై ఒక్క ఇళ్లున్నాయి.